బంతికి దిష్టి

కుక్కను చూడటానికి జనం రావడమేమిటో అపర్ణకు మొదట అర్థం కాలేదు. పుట్టిన పిల్లను చూడటానికి వస్తారు. కొత్త కోడల్ని చూడటానికి వస్తారు. కొత్తగా కొన్న ట్రాక్టర్‌ను చూడటానికి కూడా వస్తారు, నరసరావుపేటలో అదీ మామూలే. కానీ గుంటూరు షెల్టర్ నుంచి తెచ్చుకున్న ఒక ఊరకుక్కను, అదీ మంచం కింద నుంచి ముక్కు కూడా బయటపెట్టని కుక్కను చూడటానికి డజను అరటిపళ్ళు పట్టుకుని మరీ వస్తారా?

వచ్చారు. దానికి కారణం ఆమె మొగుడు వెంకటకృష్ణ. అతనికి పురుగుమందుల షాపుంది. మిరప తోటలో తామర పురుగు పడిందని రైతు ఏడుస్తూ వస్తే, ఏం కొట్టాలో చెప్పే ముందు, ‘మా ఇంటికి కుక్కొచ్చింది, చూశావా?’ అనేవాడు. రైతుకు పురుగు సంగతి తేలాలంటే కుక్కను చూడక తప్పదని అర్థమయ్యేది. అలా రోజుకు కొంతమంది.

కుక్కను ఇచ్చిన రేచల్ ఒకటికి రెండుసార్లు చెప్పి పంపింది. మొదట్లో దానికి ఒక్క గది చాలు. తలుపులు వేసి ఉంచండి. మీద పడి ముద్దు చేయకండి, కళ్ళలోకి చూడకండి, అదేపనిగా పిలవకండి. గిన్నె పెట్టి ఊరుకోండి, ఎప్పుడో ఒకరోజు అదే వస్తుంది. దానికి చేతులంటే భయం. మూతబడిన కోళ్ళఫారం దగ్గర ఎవరో ఇనప తీగతో కట్టేసి పోయారు, మెడ చుట్టూ ఇంకా బొచ్చు రాలేదు. కోటప్పకొండ తిరునాళ్ళ అయ్యేదాకా అసలు ఇవ్వనంది రేచల్. ప్రభల ఊరేగింపు మోతకు, మైకులకు గుండె పగిలి చస్తుందంది. తిరునాళ్ళ అయ్యాక తనే తెచ్చి దింపి, వెళ్తూ వెళ్తూ, “కొన్నాళ్ళు చూద్దాం అపర్ణ గారూ. మీ ఇంట్లో కుదురుకోకపోతే నేనే వచ్చి తీసుకెళ్తాను” అంది.

ఆ చివరి మాట అపర్ణకు ముల్లులా గుచ్చుకుంది. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ‘నాకు ఇది కావాలి’ అని నోరు తెరిచి ఆమె అడిగింది ఆ కుక్కనే. పెళ్ళిచీర రంగు దగ్గర్నుంచి, కూతురు చందనను ఏ కాలేజీ హాస్టల్లో వేయాలన్న దాకా, ఆ ఇంట్లో ఏదైనా అందరూ కూర్చుని, అందరూ ఒకేసారి మాట్లాడి తేలుస్తారు. ఆమె బడిలో లెక్కలు చెబుతుంది, ఇంట్లో చెప్పింది వింటుంది. బడిపిల్లల్ని షెల్టర్ చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు, మిగతా కుక్కలన్నీ జాలీ మీద పడి మొరుగుతుంటే, ఈ గోధుమరంగు ఆడకుక్క మూలన గోడకేసి తిరిగి కూర్చుని ఉంది. దాన్ని చూశాక ఆమెకు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. ఇంట్లో నోరెత్తని ప్రాణి ఒక్కటన్నా ఉంటే బాగుండునని కూడా అనిపించింది, అది వేరే సంగతి.

నోరెత్తే ప్రాణుల్లో మొదట చెప్పుకోవలసింది అత్తగారు కోటేశ్వరమ్మను. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. కుక్క వద్దంటుందేమోనని అపర్ణ భయపడింది గానీ, వద్దన్నా బాగుండేది. ఆవిడ సంబరపడింది.

“గేదెల్ని సాకాను, కోళ్ళను సాకాను, ఇదెంత!” అంది. “కొత్త కోడిని తెస్తే రోలు చుట్టూ తిప్పి దింపేవాళ్ళం. ఇంకిల్లు వదిలేది కాదు. దీన్నీ ఓమాటు తిప్పితే సరిపోద్దే అమ్మాయ్.”

“అది కోడి కాదత్తయ్యా. చెయ్యి దగ్గరకెళ్తేనే ఉచ్చ పోసుకుంటంది.”

“అందుకేగా తిప్పమనేది!”

వెంకటకృష్ణ బాబాయి మస్తాన్‌రావుది ఇంకో పద్ధతి. ఆయన తిన్నగా గదిలోకి వచ్చి, కుర్చీ లాక్కుని మంచం ముందు కూర్చుని, దుప్పటి ఎత్తి, సెల్‌ఫోన్ లైటు దాని మొహం మీద కొట్టాడు.

“ఆడదా, మగదా?”

“ఆడదే మామయ్యా. ఆ లైటు తియ్యండి.”

“కరుస్తదా?”

“కరవదు.”

“కరవని కుక్కెందుకమ్మా మరి?” అన్నాడు ఆయన, అదేదో తిరుగులేని ప్రశ్నలా.

దాని పేరు బంతి అని అపర్ణ పెట్టుకుంది. వెంకటకృష్ణ ‘టైగర్’ అంటాడు, ఆడకుక్క అని ఎన్నిసార్లు చెప్పినా. కోటేశ్వరమ్మ ‘లచ్చీ’ అంటుంది. మస్తాన్‌రావు కుక్కన్న ప్రతిదాన్నీ ‘రాజా’ అనే పిలుస్తాడు. ఇన్ని పేర్లు పెట్టి ఇంతమంది అరుస్తుంటే ఆ ప్రాణికి తను ఎవరో ఎలా తెలుస్తుంది? నెత్తీ నోరూ బాదుకుని చెప్పింది అపర్ణ. అందరూ శ్రద్ధగా విన్నారు. విని, “మరేం, పాపం” అన్నారు. అని, మళ్ళీ దుప్పటి ఎత్తి చూశారు.

అందర్నీ పంపించాక ఆమె ఆ గదిలోనే నేల మీద కూర్చుని, మంచానికి వీపు పెట్టి, పరీక్ష పేపర్లు దిద్దుకునేది. పేపరు తిప్పిన చప్పుడు తప్ప ఇంకో చప్పుడు చేసేది కాదు. కొన్నాళ్ళకు, ఆమె ఉండగానే వెనక పెరుగన్నం గిన్నె కదిలిన చప్పుడు వినపడింది. తర్వాతొక సాయంత్రం, తడి ముక్కు ఒకటి ఆమె మడమను తాకి వెనక్కి పోయింది. ఆమె ఊపిరి బిగబట్టి కూర్చుంది. సంతోషం పట్టలేకపోయింది గానీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే మస్తాన్‌రావు మామయ్య తన మడమ కూడా పట్టుకొస్తాడు.

అంతలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఆమె మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేస్తుంది, బంతికి ఇంకా మంచిదే అనుకుంది. కానీ ఒక ఆదివారం మస్తాన్‌రావు తన వియ్యంకుడి తాలూకు మనుషుల్ని కారు నిండా తెచ్చి కుక్కను చూపించాడు. ఆ రోజు నుంచి బంతి గిన్నె ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు.

“దిష్టే” అంది కోటేశ్వరమ్మ. ఆవిడ కూడా ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు, అది మాత్రం నిజం. “ఇంతమంది కళ్ళు పడితే తగలదా ఏంది? మాడు మీద ఇంత ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పారేస్తే పొద్దున్నకల్లా లేచి తింటది.”

“దిష్టి కాదత్తయ్యా, బెదురు. దాని మానాన దాన్ని వదిలేస్తే తినుద్ది. నేను బడికెళ్ళొచ్చేదాకా ఆ తలుపు తియ్యొద్దు. ఎవర్నీ రానివ్వొద్దు. కాస్త నా మాట వినండి.”

“వింటాలేవే” అంది ఆవిడ. ఆ వినడం ఎలాంటిదో తెలిసి కూడా అపర్ణ బడికి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి వీధి మొదట్లోనే కళ్ళు మండాయి. నాలుగడుగులు వేసేసరికి తుమ్ములు. ఎదురింటి వాళ్ళు కొంగులు మూతులకు అడ్డం పెట్టుకుని అరుగు మీద నిలబడి దగ్గుతున్నారు. తమ ఇంటి గేటు బార్లా తెరిచి ఉంది. గేటు దగ్గర వెంకటకృష్ణ మెడలోని తువ్వాలు మొహానికి చుట్టుకుని, కళ్ళ వెంట ధారలు కారుతూ, ఆమెను చూసి నీళ్ళు నమిలాడు.

“నా కాళ్ళ సందులోంచే పోయిందే” అన్నాడు.

జరిగింది ఇది. అపర్ణ ఇంకా బడి నుంచి రాకముందే కోటేశ్వరమ్మ పాత మూకుట్లో నిప్పులు వేసుకుని గదిలోకి తెచ్చింది. కుక్క బయటికి పారిపోకుండా తలుపూ కిటికీలూ గట్టిగా బిగించింది. కుక్క మంచం కింద నుంచి రాదు గనుక, పిడికెడు ఉప్పూ మిరపకాయలూ మంచం మీదుగా తిప్పి నిప్పుల మీద వేసింది. మామూలుగా అయితే వెంటనే ఘాటు లేస్తుంది. ఘాటు లేస్తే దిష్టి లేనట్టు, లేవకపోతే గట్టిగా తగిలినట్టు. ఆ నిప్పుల మీద బూడిద పేరుకుని ఉంది. ఘాటు లేవలేదు.

“అమ్మో, ఎంత దిష్టి!” అని ఆవిడ ఇంకో పిడికెడు వేసింది. అప్పటికీ లేవలేదు. ఇంకో పిడికెడు. అవి మస్తాన్‌రావు చేలో పండిన ఈ ఏటి తేజ రకం కాయలు, పచ్చడికి కూడా ఆచితూచి వేసుకునేవి. అంతలో అన్నానికి ఇంటికొచ్చిన వెంకటకృష్ణ, ‘నిప్పు రాజుకోలేదే అమ్మా’ అంటూ విసనకర్ర తీసుకుని విసిరాడు. రాజుకుంది. వేసినవన్నీ ఒక్కసారే అంటుకున్నాయి.

తల్లీ కొడుకులిద్దరూ గుడ్డివాళ్ళలా గోడలు తడుముకుంటూ తలుపు తీసుకుని బయటపడ్డారు. కుక్క వాళ్ళ కంటే ముందే బయటపడింది.

“తలుపేసి ఉంచమని నువ్వేగా చెప్పింది!” అంది కోటేశ్వరమ్మ దగ్గుల మధ్య.

అపర్ణకు వాదించే టైము లేదు. వాళ్ళ వీధి చివర వినుకొండ రోడ్డు. ఈ రోజుల్లో ఆ రోడ్డు మీద మిరపకాయల బస్తాలు, అదే టిక్కీలు, వేసుకున్న లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. ఆమె బ్యాగ్ అక్కడే పారేసి పరిగెత్తింది.

సాయం చేయడంలో ఆ వీధికి వంక పెట్టడానికి లేదు. చిటికెలో అందరూ రోడ్డెక్కారు. నలుగురు బండ్లు తీశారు. మస్తాన్‌రావు స్కూటర్ మీద హారన్ మీద పెట్టిన చెయ్యి తీయకుండా తిరిగాడు. ‘టైగర్!’ అని ఒకవైపు, ‘లచ్చీ!’ అని ఒకవైపు, ‘రాజా!’ అని ఒకవైపు. కేకలు ఎటు నుంచి వస్తే అది దానికి ఎదురు దిక్కుకు పరిగెడుతోంది. ఒకసారి అపర్ణ కళ్ళారా చూసింది. తోక కడుపులోకి ముడుచుకుని, లారీ ముందు టైర్లకు జానెడు దూరంలో రోడ్డు దాటింది. డ్రైవర్ తిట్టిన తిట్లు ఆమెకు వినపడలేదు. డివైడర్ పట్టుకుని నిలబడి, రేచల్‌కు ఫోన్ చేసి, మిరపకాయల పొగతో సహా జరిగింది చెప్పింది.

“ముందు ఎవర్నీ వెంటపడొద్దని చెప్పండి” అంది రేచల్. “నేను బయల్దేరుతున్నా.”

“తీసుకెళ్ళిపోవడానికేనా?”

“ముందు దొరకనివ్వండి అపర్ణ గారూ” అంది.

దొరికిందని చెప్పింది రియాజ్. రోడ్డు పక్కనే అతని ట్రాక్టర్ రిపేరు షెడ్డు. “అక్కా, మా షెడ్లో దూరింది. చక్రాలు ఊడదీసిన ట్రాక్టర్ ట్రక్కు ఉంది గదా, దాని కింద మూలకు పోయి పడుకుంది” అని పరిగెత్తుకొచ్చి చెప్పాడు.

ఆమె వెళ్ళేసరికి వీధి వీధంతా ముందే అక్కడుంది. ఒకాయన మోకాళ్ళ మీద వంగి బిర్యానీ బొమికను ఊపుతున్నాడు. ఇంకొకాయన కర్రతో అవతలి నుంచి అదిలిస్తున్నాడు. వెంకటకృష్ణ వీడియో తీస్తున్నాడు. మస్తాన్‌రావు గేదె పలుపుతో ఉచ్చు వేసి, “మెడకు పడితే చాలు, లాగేద్దాం” అంటున్నాడు.

మెడకు!

“నోళ్ళు ముయ్యండి!”

ఆ అరుపు ఎవరిదో అపర్ణకే తెలియలేదు. తనదే. బడిలో కూడా ఎప్పుడూ అంత గొంతు ఎత్తలేదు.

“అందరూ బయటికి పోండి! మామయ్యా, ఆ తాడు అవతల పారెయ్యండి ముందు. ఏవండీ, ఆ ఫోన్ ఆపండి. చెప్పీ చెప్పీ నా తల ప్రాణం తోకకొచ్చింది. వదిలెయ్యండి దాన్ని, వదిలెయ్యండి దాన్ని అని ఎంతమందికి చెప్పాను! అత్తయ్యా, దానికి తగిలింది దిష్టి కాదు. మనం తగిలాం. రేచల్ గారొస్తన్నారు, ఇచ్చేస్తా. ఈ ఇంట్లో నోరులేనిదేదీ బతకదు. నేనెట్టా బతుకుతున్నానో నాకే తెలవడం లేదు!”

మస్తాన్‌రావు పలుపు చుట్ట చుట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళాడు. బొమిక ఆయన బొమికతో సహా వెళ్ళాడు. వెంకటకృష్ణ ఫోన్ జేబులో పెట్టుకుని గుమ్మం బయటికి నడిచాడు. రియాజ్ ఎవరూ అడక్కుండానే కంప్రెసర్ ఆపేశాడు. కుళాయి కింద తొట్టి నింపి, షెడ్డుకు అడ్డంగా టార్పాలిన్ పరదా దించి, తను కూడా బయటికి పోయాడు.

కోటేశ్వరమ్మ పోలేదు. కుళాయి దగ్గర మొహమూ కాళ్ళూ చేతులూ కడుక్కుంది, జుట్టు తడుపుకుంది, కొంగు తడిపి కళ్ళకు అద్దుకుంది. అక్కడే తడి నేల మీద గోడకు చేరగిలబడింది. ఒక్క మాట మాట్లాడలేదు. పొమ్మనడానికి కూడా ఆవిడతో మాట్లాడాలనిపించక అపర్ణ ఊరుకుంది.

ట్రక్కుకు వీపు పెట్టి కూర్చుంది అపర్ణ, గదిలో కూర్చున్నట్టే. వెనక నుంచి సన్నగా రొప్పు వినిపిస్తోంది. చూడకూడదని తెలుసు. చూడలేదు. కానీ చేతిలోని ఫోన్‌ను ఆపేసి, నల్లటి అద్దంలో వెనక ఏమైనా కదులుతోందా అని చూస్తూ కూర్చుంది. రావే, రావే తల్లీ అని లోపల అనుకుంటూనే ఉంది. పరదా సందులోంచి పడ్డ ఎండ చాలా దూరం జరిగింది. అది రాలేదు.

అవతల గురక మొదలైంది. రోజూ అన్నం తిన్నాక కునుకు తీసే మనిషి కోటేశ్వరమ్మ. ఈ రోజు అన్నం లేకపోయినా కునుకు మాత్రం వచ్చింది. తల గోడకు వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఇంత చేసి నిద్ర ఎలా పడుతుందో మహాతల్లికి అనుకుంది అపర్ణ, ఒళ్ళు మండి.

అప్పుడు ట్రక్కు అవతలి వైపు నుంచి బంతి బయటికి వచ్చింది. కడుపు నేలకు రాసుకుంటూ, అపర్ణకు దూరంగా చుట్టూ తిరిగి, కుళాయి తొట్టి దగ్గరకు వెళ్ళింది. చాలాసేపు నీళ్ళు తాగింది. మూతి ముంచి ఎత్తి, ముంచి ఎత్తి మళ్ళీ తాగింది. తాగాక కోటేశ్వరమ్మ పాదాల్ని వాసన చూసింది. ముసలావిడ గురక పెడుతూనే ఉంది. బంతి అక్కడక్కడే ఒకసారి తిరిగి, ఆ చల్లటి నేల మీద పడుకుని, మండుతున్న మొహాన్ని తడి చీర కుచ్చిళ్ళ మీద పెట్టి, నిట్టూర్చింది.

అపర్ణకు కుళ్ళొచ్చింది. ఉన్నమాట అదే. పెరుగన్నం కలిపింది తను, ఊపిరి బిగబట్టింది తను, ఈ రోజు వీధిలో పరువు పోగొట్టుకుంది తను. అది వెళ్ళి, తనను మిరపకాయల్లో పెట్టి వేయించిన మనిషి కాళ్ళ దగ్గర పడుకుంది! ఏడుపు రాబోయింది. వచ్చే ముందు ఇంకో సంగతి తట్టింది. ఈ షెడ్డులో ఆ కుక్క నుంచి ఏమీ కోరనిది ఆ నిద్రపోయే మనిషి ఒక్కతే. తను వీపు తిప్పి కూర్చుందన్న మాటే గానీ, ఇన్నాళ్ళూ ఒంట్లో నరం నరంతోనూ దాన్ని పిలుస్తూనే ఉంది. ఆ పిలుపు దానికి వినపడకుండా ఉంటుందా? ఆమె ఫోన్‌ను కింద బోర్లా పెట్టింది.

గురక తెగింది. కోటేశ్వరమ్మ కళ్ళు తెరిచి కిందకు చూసింది. నోరు తెరిచింది. ఇక అంతే అనుకుంది అపర్ణ. ఆవిడ నోరు మూసుకుంది.

మూసుకుని, అలాగే ఉండిపోయింది. ఆవిడవి అరిగిపోయిన మోకాళ్ళు. మడత పెట్టిన కాళ్ళు తిమ్మిరెక్కి ఎంత సలుపుతున్నాయో మొహమే చెబుతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అవి ఇప్పుడు మిరపకాయలవి కావు. కాలు కదపలేదు. కన్నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి కూడా ఎత్తలేదు.

బయట కారు ఆగింది. రేచల్ చేతిలో కుక్క బెల్టుతో పరదా పక్కకు తీసి, లోపలికి చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది. అపర్ణ మెల్లగా లేచి వెళ్ళింది.

“ఎవరావిడ?” అంది రేచల్ గుసగుసగా.

“మా అత్తగారు.”

“మిరపకాయలు కాల్చిన...?”

“ఆవిడే.”

రేచల్ చేతిలోని బెల్టును చుట్ట చుట్టేసింది. “ఇప్పుడు కదపొద్దు. దాన్నే లేవనిద్దాం. లేచాక మీ ఇష్టం అపర్ణ గారూ. తీసుకెళ్ళమంటే తీసుకెళ్తాను, ఉంచుకుంటానంటే ఉంచుతాను. మీరేమంటే అదే.”

ఆ గుసగుస కోటేశ్వరమ్మకూ వినపడింది. అక్కడి నుంచి కోడలి మొహంలోకి చూసింది. ఆవిడ దగ్గర చెప్పడానికి బండెడు మాటలుంటాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. తల మాత్రం అడ్డంగా, ఉందో లేదో అన్నంత మెల్లగా ఊపింది. వద్దు, పంపొద్దు.

అదే క్షణంలో పరదా రెండో వైపు నుంచి వెంకటకృష్ణ తలకాయ లోపలికొచ్చింది. “దొరికిందా? టైగ...”

తల్లి కూర్చున్న చోటి నుంచి కదలకుండా, పక్కనున్న తన చెప్పు తీసి అతనికి చూపించింది. తలకాయ వెనక్కి పోయింది.

అపర్ణకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొంగు నోట్లో కుక్కుకుంది. “ఉంచుకుంటానండీ” అంది రేచల్‌తో, గొంతు తెచ్చుకుని. “కాకపోతే మీరోసారి ఇంటికొచ్చి మా వాళ్ళందర్నీ కూర్చోబెట్టి చెప్పాలి. నేను చెబితే ఎవరూ వినరు.”

“ఇందాక విన్నారుగా, మీ గొంతు రోడ్డు దాకా వినపడిందట” అంది రేచల్. “రియాజ్ గారు చెప్పారు.”

రేచల్ బయట కూర్చుంటానని వెళ్ళింది. అపర్ణ చప్పుడు కాకుండా నడిచి అత్తగారి పక్కన తడి నేల మీద కూర్చుని, గోడకు తల ఆనించి, కళ్ళు మూసుకుంది. బంతి వైపు చూడలేదు. దాని ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

కాసేపటికి చెవి దగ్గర వెచ్చగా తగిలింది. కోటేశ్వరమ్మ మెడ ఒక్కటే పక్కకు వంచి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ మాట్లాడనంత చిన్న గొంతుతో అంటోంది:

“పొద్దుననగా పోయావు. నువ్వింకా అన్నం తిన్లేదు గదే.”

“ఊరుకోండత్తయ్యా” అంది అపర్ణ, కళ్ళు తుడుచుకుంటూ. “అది లేస్తది.”

కోటేశ్వరమ్మ ఊరుకుంది.